పుస్తకానికి రోజుకు ఎన్ని పేజీలని పెట్టుకోవాలి?

మీ ఊరి చరిత్ర మొదలుపెట్టి ఏడాదైనా నలభై పేజీలు కాలేదని, రోజుకు ఎంత రాయాలో, రాసింది బాగుందని ఎలా తెలుస్తుందో చెప్పమని అడిగారు. నేను దేవరకద్ర దగ్గర ఒక బడిలో టీచర్ని. పాలమూరు (మహబూబ్‌నగర్) వలస కూలీల అనుభవాలు పుస్తకంగా రాశాను. నాలుగేళ్లు పట్టింది. మొదటి ఏడాది నాదీ మీలాగే గడిచింది.

రోజుకు రెండు పేజీలని క్యాలెండర్ మీద రాసుకున్నాను. మూడు వారాలు నడిచింది, తర్వాత సరుకు అయిపోయింది. చెప్పాల్సినవాళ్లు ఊళ్లో ఉంటే కదా! ముంబైలోనో పుణెలోనో పనుల మీద ఉన్నారు. పేజీ నింపాలన్న టెన్షన్‌లో తెలిసిందే తిప్పి తిప్పి రాశాను. అరవై పేజీల్లో చివరికి పనికొచ్చినవి పదకొండు.

అప్పుడు లెక్క మార్చాను. దసరా నుంచి, దీపావళి తర్వాత జరిగే కురుమూర్తి జాతర దాకా మా వైపు వలస పోయినవాళ్లు చాలామంది ఇల్లు చేరతారు. ఆ రోజుల్లో రాత పక్కనపెట్టి పన్నెండు మందితో కూర్చోవాలి, ఒక్కొక్కరితో రెండుసార్లు. మిగతా కాలంలో నెలకో మనిషి కథ పూర్తి చేయాలి. మామూలు పుస్తకాలు వేసే డెమ్మీ సైజులో పేజీకి సుమారు 250 మాటలు పడతాయి. 160 పేజీలంటే 40,000 మాటలు, ఇరవై కథలైతే కథకు రెండు వేలు. ఈ లెక్క చూసుకున్నాకే నాకు నిద్ర పట్టింది.

బాగుందో లేదో అన్నది ఇంకా పెద్ద విషయం. 1955లో మొదలైన నాగార్జునసాగర్ డ్యాం పనికి చిన్నతనంలో పోయిన ఒక అవ్వ కథ రాసి, ఆమెకే చదివి వినిపించాను. 'కష్టాల కడలి' అన్న చోట ఆపింది. "కడలంటే ఏంది సారూ? తలమీద రాళ్లు మోసిన అని చెప్పిన గదా, అదే రాయరాదు?" అంది. ఆ పేజీ మొత్తం తిరగరాశాను. చెప్పిన మనిషికి చదివి వినిపించి, ఆమె అడ్డం చెప్పకుండా వినేదాకా కథ పూర్తయినట్టు కాదని అప్పుడే నిర్ణయించుకున్నాను. కొందరికి మూడుసార్లు చదవాల్సి వచ్చింది.

కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంత, ఏ ఏడు వలస పోయారు లాంటివి అదే గుంపులో ఇంకొకరినీ అడిగేవాణ్ణి. మాట కలవకపోతే రెండూ రాశాను. ఇవన్నీ తేలాకే డీటీపీకి, అంటే కంప్యూటర్లో టైపు చేసి పేజీలు కట్టడానికి, ఇవ్వండి. అక్కడ దిద్దడం మొదలుపెడితే పాత తప్పు పోయి కొత్తది వస్తుంది.

మీది ఊరి చరిత్ర కాబట్టి ఈ నెల రాత ఆపి, ఊళ్లో ఎనభై దాటినవాళ్ల పేర్లు రాసుకుని వారానికి ఇద్దరి దగ్గరికైనా వెళ్లండి. నేను రాసుకున్న పేర్లలో ఇద్దరు, నేను వెళ్లేలోపే చనిపోయారు.