గోదావరి వెంట పరుగు: ఖర్చు ఎవరిది, చందా ఎవరిది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. వయసు 36. ప్రైవేటు ఉద్యోగం, జీతం చేతికి 46,000. ఇంటి లోను ఈఎంఐ 14,500. భార్య, రెండో తరగతి చదివే పాప. బ్యాంకులో 1.8 లక్షల ఎఫ్‌డీ ఉంది. నెలకు 10,000 కట్టే 2 లక్షల చీటీ ఇంకో 11 నెలలుంది. కొన్నేళ్లుగా మారథాన్లు పరిగెత్తుతున్నాను. త్రయంబకం నుంచి అంతర్వేది దాకా గోదావరి వెంట పరిగెత్తి, డయాలసిస్ రోగుల మందులకు, రానుపోను ఖర్చులకు సాయం చేసే ట్రస్టుకు 6 లక్షలు పోగుచేసి ఇవ్వాలనుంది. ఏప్రిల్‌లో మొదలుపెట్టి 45 రోజుల్లో పూర్తి చేస్తాను. ఖర్చుకు చీటీ పాడేస్తే 1.6 లక్షలొస్తాయి. చందాలు నా ఫోన్‌పే నంబరుకే పంపమందామనుకుంటున్నాను. ఈ ప్లాన్ బాగుందా?

జవాబు: మీ ఆలోచన బాగుంది, లెక్క బాగాలేదు. ముందు లెక్క చూద్దాం.

నది పొడవు 1,465 కిలోమీటర్లు. ఒక్కరోజు కూడా ఆగకపోయినా రోజుకు 32 కిలోమీటర్ల పైనే పరిగెత్తాలి. ఒంటరిగా అయ్యే పని కాదు, వెనక ఒక బండి ఉండాలి. డ్రైవరు బత్తా, డీజిలు కలిపి రోజుకు 2,500 వేసుకున్నా 1,12,500. మీ ఇద్దరి తిండికి, బసకు రోజుకు 1,500 చొప్పున 67,500. బూట్లు మూడు జతలకు 30,000. మందులు, ఫిజియోథెరపీకి 15,000. బ్యానర్లు, టీషర్టులు, వీడియోలకు 40,000. ఇది నేను పొదుపుగా వేసిన అంచనా. మొత్తం 2,65,000. మీరు రాయని ఖర్చు ఇంకొకటుంది, నెలన్నర జీతం. సెలవులు ఎటూ చాలవు కాబట్టి లాస్ ఆఫ్ పే కింద 69,000 పోతాయి. అంటే 6 లక్షలు పోగుచేయడానికి మీకయ్యేది 3,34,000.

చీటీ డబ్బు పోను ఇంకా 1,05,000 కావాలి. అది ఎఫ్‌డీలోంచే తీయాలి. మీరు దారిలో ఉన్నా ఈఎంఐ ఆగదు, పాడేసిన చీటీ వాయిదా ఆగదు. ఇంటి ఖర్చు 18,000 అనుకుంటే నెలకు 42,500 చొప్పున నెలన్నరకు 63,750. అదీ ఎఫ్‌డీయే మోయాలి. మీరు అంతర్వేది చేరేసరికి ఎఫ్‌డీలో మిగిలేది సుమారు 11,000. పైగా చీటీ పాడేశారు కాబట్టి, తెచ్చుకుని ఖర్చుపెట్టేసిన డబ్బుకు నెలనెలా వాయిదాలు కడుతూ ఉంటారు. మోకాలు పట్టేసి నెల రోజులు మంచాన పడితే? అప్పుడు మీ ఆవిడ నగలు తాకట్టుకు వెళ్తాయి. దీనికి నేను ఒప్పుకోను.

పోనీ ఆ ఖర్చును చందాల్లోంచే తీసుకోవచ్చా అని అడుగుతారేమో. వద్దు. పరుగు మీ సరదా, మీ పట్టుదల. కాశీ వెళ్లేవాడు ఊరి చందాతో టికెట్టు కొనుక్కోడు కదా. చందా ఇచ్చేవాళ్లకు ఒక్క వాక్యం ముందే చెప్పండి: "దారి ఖర్చు నాది, మీరిచ్చే ప్రతి రూపాయి ట్రస్టుకే." ఈ మాట చెప్పగలిగేంత డబ్బు మీ దగ్గర ఉన్నప్పుడే బయల్దేరండి.

దూరం పెరిగితే చందా పెరుగుతుందన్న నమ్మకమూ సరికాదు. 2020లో బ్రిటన్‌లో టామ్ మూర్ అనే మాజీ సైనికాధికారి, నూరేళ్లు నిండబోతుండగా, వాకర్ పట్టుకుని తన ఇంటి తోటలోనే వంద సార్లు అటూ ఇటూ నడిచారు. వెయ్యి పౌండ్లు వస్తే చాలనుకుంటే 3 కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి. అది అక్కడి ఆసుపత్రుల సేవా సంస్థలకు వెళ్లింది. ఆ డబ్బుతో ఇబ్బందేమీ రాలేదు. తర్వాత ఆయన పేరుతో కుటుంబం పెట్టిన ఫౌండేషన్ విషయంలోనే చిక్కొచ్చింది. సొంత లాభానికీ సేవకూ మధ్య గీత చెరిపేశారని అక్కడి ఛారిటీ కమిషన్ 2024లో ఆయన కూతురిని, అల్లుడిని తప్పుపట్టింది. ఆయన పోయాక కూడా ఆయన పేరు ఆ వార్తల్లో నానింది.

అందుకే ఫోన్‌పే నంబరు సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను. మీ సొంత ఖాతాలోకి డబ్బు తీసుకోకండి. చట్టం లెక్కలో బంధువులు కానివాళ్లు ఏడాదిలో ఇచ్చింది అంతా కలిపి 50,000 దాటితే, దాటినంత మేరకే కాదు, మొత్తం మీ ఆదాయమే అవుతుంది. బాబాయి ఇస్తే ఫరవాలేదు, బాబాయి కొడుకు ఇస్తే లెక్కలోకి వస్తుంది. మన వరసలు ఇన్‌కం ట్యాక్స్ వాళ్లకు పట్టవు. 'ఆ డబ్బు నాది కాదు, ట్రస్టుది' అని తర్వాత రుజువు చేసుకోవచ్చు. ఆ టెన్షన్ మీకెందుకు? ట్రస్టు ఖాతా క్యూఆర్ కోడ్‌నే బ్యానర్ మీద అచ్చు వేయించండి, రసీదులు వాళ్లనే ఇమ్మనండి.

ట్రస్టుకు 80జి గుర్తింపు ఉందో లేదో ముందే కనుక్కోండి. ఉంటే దాతకు పన్ను మినహాయింపు వస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. నగదుగా ఇస్తే 2,000 దాటిన చందాకు రాదు. జీతగాళ్లు చాలామంది ఇప్పుడు కొత్త విధానంలో ఉన్నారు కాబట్టి 'మీకు ట్యాక్స్ కలిసొస్తుంది' అంటూ అందరికీ చెప్పుకోకండి.

మీ ప్రాంతం నుంచి రాస్తున్నారు కాబట్టి కువైట్, దుబాయ్, అమెరికాల్లో ఉన్నవాళ్లను కూడా అడుగుతారని ఊహిస్తున్నాను. గల్ఫ్‌లో పనిచేస్తూ ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి ఇచ్చేది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మీ క్లాస్‌మేట్ ఇస్తే వస్తుంది, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. అది తీసుకోవాలంటే ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు మొదట ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ స్నేహితుడికి మర్యాదగా వద్దని చెప్పండి. 'ఇండియాలో మా అమ్మగారి ఖాతాకు పంపిస్తాలే, అక్కణ్నుంచి తీసుకుని నువ్వు ట్రస్టుకు ఇచ్చేయ్' అంటే అసలు ఒప్పుకోకండి.

మరి ఏం చేయాలి? ఈ ఏడాది ధవళేశ్వరం నుంచి అంతర్వేది దాకా పరిగెత్తండి. రావులపాలెం, పి.గన్నవరం, రాజోలు మీదుగా దాదాపు వంద కిలోమీటర్లు. శని, ఆదివారాల్లో అయిపోతుంది, జీతం పోదు, బండి రెండు రోజులకు చాలు, ఖర్చు 25,000 లోపు. అదేమీ చిన్న పని కాదు, మామూలు మారథాన్‌కు రెండింతల పైనే. మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఉన్నది ఈ వంద కిలోమీటర్లలోనే. నాందేడ్‌లో మీ బ్యానర్ చూసి చందా వేసేవాళ్లకంటే మలికిపురంలో వేసేవాళ్లే ఎక్కువ. ఆరు లక్షలు రాకపోవచ్చు. మూడొచ్చినా మీ ఇంటికి దెబ్బ తగలదు.

త్రయంబకం ఆశ వదులుకోమని అనడం లేదు. చీటీ పాడకుండా చివరిదాకా ఉంచుకోండి. 11 నెలల తర్వాత కమిషన్ పోను దాదాపు 2 లక్షలు చేతికొస్తాయి. అప్పటినుంచి అదే 10,000ను ఆర్‌డీలో వేస్తూ పోతే ఇంకో ఏడాదికి పైన వేసిన మొత్తం ఖర్చు దాదాపు మీ దగ్గరే ఉంటుంది, ఎఫ్‌డీ ముట్టుకోనవసరం లేదు. మొదలుపెట్టేది మాత్రం ఏప్రిల్‌లో వద్దు. మంచిర్యాల, రామగుండం వైపు వేసవి ఎండలో పరిగెత్తితే ఆసుపత్రి బిల్లు కూడా బడ్జెట్‌లో రాసుకోవాలి. డిసెంబరులో బయల్దేరి మాఘమాసంలో అంతర్వేది తీర్థం నాటికి చేరేలా చూసుకోండి. ఆ జనంలో ట్రస్టు వాళ్లు ఒక బల్ల వేసుకుని కూర్చున్నా చందాలు బాగా వస్తాయి.

ఇన్సూరెన్సు గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. ఇంటి లోను ఉంది, చిన్న పాప ఉంది, సంపాదించేది మీరొక్కరే. కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి, దరఖాస్తులో ఈ పరుగుల సంగతి దాచకుండా రాయండి. హైవే మీద పరిగెత్తేవాళ్లకు యాక్సిడెంట్ పాలసీ విడిగా ఉండాలి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకు దొరికే ప్రధానమంత్రి సురక్షా బీమా 2 లక్షలే ఇస్తుంది, అది ఉంచుకుని దానిపైన ఇంకొకటి తీసుకోండి. కంపెనీ ఇచ్చిన హెల్త్ పాలసీ జీతం లేని సెలవులో ఉన్నప్పుడు కూడా పనిచేస్తుందా అని హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ధవళేశ్వరం పరుగుకైనా సరే, టర్మ్ పాలసీ కాగితం చేతికొచ్చాకే తేదీ ప్రకటించండి.