సీటొచ్చింది సరే, అమ్మ పాస్‌బుక్కులు ఎక్కడున్నాయి?

మధురవాడ,
విశాఖపట్నం

అమ్మడూ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేసి "అన్నియ్యా, గుంటకి ఇంజినీరింగ్ సీటొచ్చింది, కన్వీనర్ కోటాలోనే. ఫీజు గవర్నమెంటే కట్టేస్తాదంట" అన్నాడు. మొదటి మాటకి ఛాతీ ఉప్పొంగింది. ఆఖరి మాటకి నిద్ర పట్టలేదు. ఆ "కట్టేస్తాదంట" వెనకాల ఎంత పని ఉందో ఎవరూ చెప్పరు. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. పెదజాలారిపేట నుంచి ఇంజినీరింగ్‌కి వెళ్తున్నావంటే నాకెంత గర్వమో ఎదురుగా చెబుతాలే.

కాగితాలు: పది మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, రైస్ కార్డు, మీ ముగ్గురి ఆధార్‌లు, అలాట్‌మెంట్ ఆర్డర్. తలా నాలుగు జిరాక్సులు. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో. కాలేజీలు ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా అడుగుతారు. ఇవ్వక తప్పకపోతే ఏమేం ఇచ్చావో రాయించి, సంతకం, స్టాంపు వేయించుకో.

ఈ ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకంలో రెండు ముక్కలున్నాయి. ఆర్టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే భోజనం, వసతి ఖర్చు. మొన్నటిదాకా వాటినే విద్యా దీవెన, వసతి దీవెన అన్నారు. పేరు మారినప్పుడల్లా మీ నాన్నలాంటివాళ్లు పథకమే పోయిందనుకుని కంగారు పడతారు, నువ్వు పడకు. 2019కి ముందు బీసీ, ఈబీసీ పిల్లలకి ఎంసెట్ ర్యాంకు పదివేలు దాటితే ఎంత ఫీజైనా 35 వేలే ఇచ్చేవారు, మిగతాది ఇంటి మీద పడేది. ఆ పరిమితి తర్వాత పోయింది. కాకపోతే ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజుకే ఇది వర్తిస్తుంది. బస్సు, హాస్టల్, యూనిఫాం, "డెవలప్‌మెంట్" అని రసీదులో ఇంకేం రాసినా మీ జేబులోదే. కాలేజీ గాజువాక అవతల కదా, బస్సు ఫీజు సంగతి చేరే రోజే అడుగు. మేనేజ్‌మెంట్ కోటాకీ, స్పాట్ అడ్మిషన్లకీ ఈ పథకం లేదు. బ్రాంచి మారతానని మధ్యలో అటు దూకావంటే నాలుగేళ్ల సాయం అక్కడితో సరి.

ఎంటీఎఫ్‌ని 2020లో వసతి దీవెనగా మార్చినప్పుడు ఏడాదికి ఐటీఐకి 10 వేలు, పాలిటెక్నిక్‌కి 15 వేలు, డిగ్రీ ఆపైన 20 వేలు, రెండు విడతల్లో అని పెట్టారు. ఆ డబ్బు నెల నెలా వచ్చే జీతం కాదు. దాన్ని నమ్ముకుని హాస్టల్‌లో చేరకు.

అర్హతలో మీ ఇంటికి పేచీ ఉండకూడదు. ఏడాది ఆదాయం రెండున్నర లక్షల లోపు ఉండాలి. మాగాణి పదెకరాల లోపు, మెట్ట అయితే పాతికెకరాల లోపు, మీకు సెంటు కూడా లేదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి, ఇన్‌కం ట్యాక్స్ కట్టేవాళ్లు ఉండకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు గానీ ఆటో, ట్యాక్సీ, ట్రాక్టర్ లెక్కలోకి రావు. కాబట్టి నాన్న ఆటో గురించి ఎవరైనా భయపెడితే నవ్వేసి ఊరుకో. భయపడాల్సింది వేరే ఉంది. బ్యాంకు లోను కావాలంటే ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ వేయించమని ఎవరో అంటే మీ నాన్న సంతకం పెట్టేసే మనిషి. స్నేహితుడు కారు కొనుక్కుంటూ "నీ పేరున పెడతాను" అంటే కాదనలేడు. రెండూ కంప్యూటర్‌లో మీ ఇంటి మీద పడతాయి. ఇంకోటి, సచివాలయంలో మీ ఇంటి మ్యాపింగ్‌లో, అంటే కుటుంబ సభ్యుల జాబితాలో, ఎవరెవరున్నారో చూడు. పెళ్లయి వేరే ఉంటున్న మీ బాబాయి పేరు ఇంకా మీతోనే ఉంటే అతని ఉద్యోగం మీ ఖాతాలోకొస్తుంది. వార్డు ఎడ్యుకేషన్ సెక్రటరీ దగ్గరికి ఒక సాయంత్రం వెళ్తే తేలిపోయే పని ఇది.

ఇక అసలు సంగతికొస్తాను, ఫీజు కాక మిగతా డబ్బు పడాల్సిన అమ్మ ఖాతా. ఏళ్ల తరబడి అందరూ చేస్తున్న పొరపాటు ఒక్కటే. బ్యాంకులో "ఆధార్ లింక్ అయింది" అనగానే నమ్మి ఇంటికొచ్చేయడం. అమ్మ ఖాతాకి ఆధార్ నంబరు ఇవ్వడం ఒక పని. అది కేవైసీ, అంటే ఖాతా ఎవరిదో గుర్తింపు, బ్యాంకు ఫైల్లో ఉంటుంది. ప్రభుత్వం ఆధార్ మీద డబ్బు వేసినప్పుడు ఏ బ్యాంకుకి పోవాలో చెప్పే పట్టీ, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఉంటుంది. అందులోకి ఎక్కడం ఇంకో పని, దాన్ని సీడింగ్ అంటారు. మనిషికి పది ఖాతాలున్నా ఆ పట్టీలో ఒక్క ఆధార్‌కి ఒక్క బ్యాంకే ఉంటుంది. ఆఖరున ఎవరు సీడింగ్ చేస్తే డబ్బు వాళ్లకే.

మీ అమ్మ సంగతి చూడు. డ్వాక్రాకి ఒక ఖాతా, జన్‌ధన్ ఒకటి, ఎవరో ఏజెంటు వీధిలోకొచ్చి వేలిముద్ర వేయించుకుని తెరిచింది మూడోది. ఆ మూడోవాడు ట్యాబ్‌లో సీడింగ్ గడి కూడా నొక్కేసి ఉంటే పట్టీ అటు తిరిగిపోతుంది, మీ అమ్మకి తెలియనే తెలియదు. నువ్వేమో కాలేజీలో డ్వాక్రా పాస్‌బుక్ జిరాక్సు ఇస్తావు. పోర్టల్‌లో చెల్లింపు అయిపోయిందని ఆకుపచ్చగా కనిపిస్తుంది. డ్వాక్రా ఖాతాలో చిల్లిగవ్వ ఉండదు. కాలేజీ వాళ్లు సచివాలయానికి పొమ్మంటారు, సచివాలయం బ్యాంకుకి పొమ్మంటుంది, బ్యాంకు "మాకు రాలేదమ్మా" అంటుంది. అందరూ నిజమే చెబుతారు, అదే చిత్రం. మెసేజీ మాత్రం పారేసుకున్న పాత సిమ్ముకి పోయి ఉంటుంది.

దీనికి విరుగుడు పది నిమిషాల పని. మైఆధార్ సైట్‌లో అమ్మ ఆధార్ నంబరు, ఓటీపీ కొట్టి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడు. బ్యాంకు పేరు, యాక్టివ్‌గా ఉందా లేదా, ఆఖరున మార్చిన తేదీ ఉంటాయి. ఖాతా నంబరు చూపించదు, కాబట్టి ఒకే బ్యాంకులో రెండున్నా బ్రాంచికెళ్లి ఏదో అడగాలి. తప్పు బ్యాంకుంటే, కావలసిన బ్రాంచిలో సీడింగ్ సమ్మతి ఫారం నింపి ఇచ్చి, అందిందన్న కాపీ తీసుకో. వారం తర్వాత మళ్లీ చూడు. స్క్రీన్ మీద పేరు మారితేనే పని అయినట్టు, క్లర్కు తల ఊపితే కాదు. అప్పు ఉన్న ఖాతా మాత్రం దీనికి వద్దు. నీ పేరున కూడా ఒకటి తెరిచి ఇలాగే సీడ్ చేయించు. నీతో చేరుతున్న ఎస్సీ అమ్మాయికి ఇది మరీ ముఖ్యమని చెప్పు. వాళ్లకి కేంద్రం వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఆధార్ ఖాతాకే వస్తుంది.

విద్యా దీవెన అన్న రోజుల్లో ఫీజు కూడా తల్లి ఖాతాలోనే వేసేవారు, అది మంచి ఆలోచనే అంటాను నేను. డబ్బు తన చేతి మీదుగా పోతే కాలేజీని నిలదీసే హక్కు అమ్మకి వస్తుంది. కానీ విడత ఆలస్యమైనప్పుడల్లా నిలదీతంతా ఆమెకే జరిగింది. 2024లో ఫీజు మళ్లీ నేరుగా కాలేజీలకే అన్నారు. అలాగని అమ్మ ఖాతా వదిలేయకు, మిగతా డబ్బుకి అది కావాలి.

వేలిముద్రల మాట. హార్బర్‌లో ఐసులో రొయ్యలు వలిచి వలిచి అమ్మ వేళ్లు నున్నగా అయిపోయాయి, రేషన్ దగ్గరే మిషన్ నాలుగుసార్లు తిప్పికొడుతుంది కదా. వేలిముద్రతో చేసే ఈకేవైసీకి తీసుకెళ్లే ముందు రోజు రాత్రి చేతులకి కొబ్బరినూనె రాయి, పొద్దున్న సబ్బుతో కడిగి బాగా తుడిచి పంపు. అప్పటికీ పడకపోతే ఐరిస్‌తో, అంటే కంటిపాప స్కాన్‌తో చేయమను. మిషన్ ఉండి కూడా బద్ధకిస్తారు, కదలకు. అది అమ్మ తప్పన్నట్టు ఎవరైనా విసుక్కుంటే ఊరుకోకు.

నీ పేరు: పది మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంది, ఆధార్‌లో చివర ఒక్క అక్షరమే ఉంది. మెమోలో ఉన్నట్టే ఆధార్ మార్పించు. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టినతేదీ ఒక్కసారే. అక్షరం అక్షరం చూసుకుని ఇవ్వు. నెట్ సెంటర్‌లో అప్లికేషన్ పెట్టిస్తే నీ ఫోన్ నంబరే వేయించు. ఆ కుర్రాడు తొందరలో తన నంబరు కొట్టేస్తాడు, తర్వాత ఓటీపీలన్నీ అతనికే పోతాయి. తెలివైనదానివే, కానీ ఇలాంటివాటిలో "అయిపోయింది కదా" అనే జబ్బు నీకుంది. అప్లికేషన్ నంబరు చేతిలో పడకుండా అక్కణ్ణుంచి లేవకు. "స్కాలర్‌షిప్ పడింది, ఓటీపీ చెప్పండి" అని ఫోనొస్తే పెట్టేయ్.

హాజరు 75 శాతం ఉండాలి. డిటెయిన్ అయితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. ఇంతకంటే చెప్పను.

నా అసలు భయం వేరే. విడత ఆలస్యమవుతుంది, పరీక్షల ముందు కాలేజీ "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అంటుంది. మీ అమ్మ చెవులవి తీసి తాకట్టు పెడుతుంది, లేదా నూటికి ఐదు వడ్డీకి తెస్తుంది. అలా కావడానికి వీల్లేదు. ఎంత, ఎందుకు అన్నది కాలేజీ కాగితం మీద రాసిమ్మను. చాలాసార్లు అక్కడే గొంతు తగ్గుతుంది. తగ్గకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి అర్జీ పట్టుకెళ్లు, మహారాణిపేట నీకు దూరమేం కాదు. కట్టక తప్పకపోతే రసీదు తీసుకో, ఏ ఏడాది, ఏ విడతకో దాని మీద రాయించు. ఆ రసీదు లేకపోతే డబ్బొచ్చాక వెనక్కి అడగడానికి నీ దగ్గర ఆధారం ఉండదు.

ఇంటర్ మార్కుల మీద కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటుంది, డిగ్రీ స్థాయిలో ఏడాదికి 12 వేలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్లకి అది రాదు. రెండూ పెట్టేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు.

ఆదివారం పొద్దున్నే వస్తున్నా. అమ్మ పాస్‌బుక్కులు మూడూ, పాత సిమ్ము దొరికితే అదీ, బల్ల మీద పెట్టి ఉంచు. పెదనాన్న వస్తున్నాడని వంజరం తేవద్దని చెప్పు, ఆ డబ్బులు నీ జిరాక్సులకి.

మీ పెదనాన్న