చెరువుకు దాచిన సొమ్ము వ్యాన్ హీటర్‌కు పంపొచ్చా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మూడెకరాల రొయ్యల చెరువు ఉంది. స్కాట్లాండ్‌లో ఉన్న మా అబ్బాయి 1974 నాటి ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్ వ్యాన్ కొన్నాడు. చలికి పిల్లలు లోపల కూర్చోలేకపోతున్నారట. హీటింగంతా కొత్తగా పెట్టించడానికి 3,000 పౌండ్లు సర్దమంటున్నాడు. నాకు 6 లక్షల ఎఫ్‌డీ ఉంది. రెండేళ్లకు 7 శాతం, ఇప్పటికి 19 నెలలైంది. రద్దు చేసి పంపమంటారా? ఫిబ్రవరిలో సీడ్ (రొయ్య పిల్లలు) వేయాలి.

జవాబు: రద్దు చేయకండి. పౌండు 115 రూపాయలనుకుంటే అది 3.45 లక్షలు. తెల్లమచ్చ వ్యాధి తగిలి రొయ్యల పంట పోతే మళ్లీ సీడుకు, మేతకు మీకున్న ఆధారం ఈ ఎఫ్‌డీయే. పైగా ఆ వ్యాన్‌కు అంత ఖర్చు అవసరమో లేదో ఇంకా తేలలేదు.

ఆ బండి ఇంజిన్‌ను నీళ్లు కాదు, గాలి చల్లబరుస్తుంది. కాబట్టి మామూలు కార్లలోలా వేడినీటి హీటర్ ఉండదు. ఇంజిన్ పొగ గొట్టాల చుట్టూ హీట్ ఎక్స్ఛేంజర్లనే రేకు పెట్టెలుంటాయి. ఇంజిన్ ఫ్యాన్ తోసిన గాలి వాటిలో వేడెక్కి, బండి అడుగున పొడవాటి గొట్టం గుండా ముందుకు రావాలి. కాలువ శివారు చేలకు నీరందకపోతే ముందు దారిలో గండ్లు వెతుకుతాం కదా, ఇక్కడా అంతే.

మీ అబ్బాయి ఇరవై నిమిషాలు బండి నడిపి, వెనక నుంచి ముందుకు ఒక్కో చోట గాలి ఎంత వేడిగా వస్తోందో చూడాలి. పొగ గొట్టాలు కాలుతుంటాయి, చేతికి గ్లవుజులు తప్పవు. పెట్టె దగ్గర వేడిగా ఉండి ముందు చల్లగా వస్తుంటే అడుగు గొట్టం చుట్టూ ఉన్న ఇన్సులేషన్ పోయింది, లేదా అతుకుల దగ్గర గాలి కారుతోంది. పెట్టె దగ్గరే చల్లగా ఉంటే హీటర్ మీట కేబుల్ తుప్పుపట్టి ఫ్లాప్ తెరుచుకోవడం లేదన్నమాట. ఫ్యాన్ నుంచి పెట్టెకు వెళ్లే హోస్ ఊడినా అంతే. పాత యజమానులు థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా చల్లగాలిని ఆపే పరికరం) తీసేసి ఉండొచ్చు, ఇది చాలా బళ్లలో కనిపిస్తుంది. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడమే ఆలస్యం. కేబుళ్లు, హోసులు, క్లిప్పులు, గొట్టానికి చుట్టే ఇన్సులేషన్ పెద్ద ఖర్చులు కావు. అబ్బాయి జీతంలోంచే పెట్టుకోవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం పొదుపు పనికిరాదు. రేకు పెట్టెలోని పొగ గొట్టం తుప్పుతో చిల్లు పడితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా పిల్లలు కూర్చున్న చోటికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చిల్లు ఉంటే పెట్టె మార్చేదాకా హీటర్ మీట మూసే ఉంచాలి. కొత్తది కొనేటప్పుడు లోపల వేడిని పట్టే రెక్కలున్నాయో లేదో చూడాలి. చవక నకళ్లలో అవి తక్కువ, అందుకే కొత్తవి వేసినా వేడి చాలదు. ఇలాంటి బళ్లకు వర్తించే యూరప్ ప్రమాణం ఈఎన్ 50291-2 గుర్తున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం ఈరోజే కొనమనండి.

ఇవన్నీ సరిచేసినా బండి ఆపితే వేడి ఆగిపోతుంది. రాత్రి అందులో పడుకునే అలవాటుంటేనే, ఇంజిన్ ఆపినా పనిచేసే పార్కింగ్ హీటర్ అవసరం. 2 కిలోవాట్లది చాలు. గంటకు పావు లీటరు దాకా డీజిల్ తాగుతుంది. బండి పెట్రోలుది కాబట్టి వేరే చిన్న ట్యాంకు, రెండో బ్యాటరీ ఉండాలి. దాని పొగ గొట్టం కిటికీలకు దూరంగా బయటికి పోవాలి. మీ సాయం దీనికే, 1,000 పౌండ్లకు మించకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం.

ఆ 1.15 లక్షలకు ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టి బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకోండి. వడ్డీ ఎఫ్‌డీ రేటు కన్నా ఒక శాతం ఎక్కువ, అంటే 8 శాతం అనుకుంటే మిగిలిన 5 నెలలకు సుమారు 3,830 రూపాయలు. ఎఫ్‌డీ మీద 7 శాతం వస్తూనే ఉంటుంది కాబట్టి నికరంగా పడే భారం 480 రూపాయలే. అదే రద్దు చేస్తే, ఒక శాతం జరిమానా ఉంటే దాని కిందే 6 లక్షల మీద 9,500 దాకా పోతుంది.

పంపేటప్పుడు బ్యాంకులో పాన్, ఏ2 ఫారం (విదేశాలకు డబ్బు పంపే దరఖాస్తు) ఇచ్చి, దగ్గరి బంధువుకు బహుమతి అని రాయించండి. ఆర్థిక సంవత్సరంలో మీరు విదేశాలకు పంపిన మొత్తం 10 లక్షలు దాటనంతవరకు టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పడదు. పౌండు రేటులో బ్యాంకు తన లాభం కలుపుతుంది, కాబట్టి కనీసం రెండు బ్యాంకుల్లో రేటు అడగండి. అబ్బాయి చేసిన పరీక్షలో ఏం తేలిందో, హీటరుకు రాతపూర్వక కొటేషన్ ఎంతో చేతికి వచ్చాకే డబ్బు కదిలించండి.