కార్గో ఎయిర్‌లైన్‌లో పైలట్ ఉద్యోగం కోసం ముందే టైప్ రేటింగ్ చేయించుకోవాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) వచ్చి ఏడాదైంది, 208 గంటలు నడిపిన అనుభవం ఉంది, మల్టీ ఇంజిన్ ఐఆర్ (బయట కనిపించకపోయినా పరికరాలు చూసి నడిపే అర్హత) ఉంది, ఉండేది ఉప్పల్‌లో, ప్యాసింజర్ ఎయిర్‌లైన్స్ నుంచి పిలుపు రాలేదు, కార్గోలో అయితే తొందరగా దొరుకుతుందని ఎవరో చెప్పారు, అందుకని సొంత డబ్బుతో బోయింగ్ 737 టైప్ రేటింగ్, అంటే ఆ ఒక్క రకం విమానం నడిపే అర్హత, చేసేద్దామనుకుంటున్నావు.

తొందరగా దొరకదు. రేటింగ్ ఇప్పుడే చెయ్యకు.

నేను 737 ఫ్రైటర్ (సరుకు విమానం) మీద ఫస్ట్ ఆఫీసర్‌ని, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్‌ని, కంపెనీ పేరు వద్దులే. కార్గో నడపడానికి వేరే లైసెన్స్ ఏమీ లేదు, అదే సీపీఎల్, అదే ఐఆర్, అదే రేటింగ్. కాబట్టి ప్యాసింజర్ వాళ్ళ దగ్గర నీతో పోటీ పడేవాళ్ళే ఇక్కడా లైన్లో ఉంటారు, పైగా మన దేశంలో పెద్ద విమానాలతో సరుకు మోసే కంపెనీలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. బ్లూడార్ట్‌కి ముఖ్యంగా బోయింగ్ 757లు, తర్వాత 737లు కూడా వచ్చాయి. 2023 జనవరిలో అమెజాన్ ఎయిర్ మన శంషాబాద్‌లోనే మొదలైతే, ఆ 737లు నడిపింది క్విక్‌జెట్. ఇండిగో కార్గోవి ఎయిర్‌బస్ 321లు, ప్రధాన్ ఎయిర్ మొదలుపెట్టింది ఎయిర్‌బస్ 320తో. చూశావు కదా, అందరివీ ఒకే రకం విమానాలు కావు. నువ్వు కొనుక్కున్న రేటింగ్, ఆ రోజు ఖాళీ ఉన్న కంపెనీ విమానం ఒకటే కావాలంటే అదృష్టం కూడా కావాలి.

నాకు ఆ అదృష్టం లేదు. ఒక ఏజెంట్ "రేటింగ్ ఉంటే మూడు నెలల్లో కూర్చోబెడతా" అంటే నమ్మి, నాన్న ఘట్‌కేసర్ దగ్గర ప్లాటు అమ్మిన డబ్బుతో ఎయిర్‌బస్ 320 రేటింగ్ చేశాను. మూడు నెలలు కాదు, రెండేళ్ళు గడిచినా ఫోన్ మోగలేదు. రేటింగ్ అంటే బీరువాలో పెట్టుకునే డిగ్రీ సర్టిఫికెట్ కాదు, సిమ్యులేటర్‌లో (నేల మీద ఉండే నకలు కాక్‌పిట్) పరీక్షలు ఇస్తూ బతికించుకోవాలి, ఆ ప్రతి పరీక్షకీ డబ్బు మళ్ళీ జేబులోంచే. చివరికి నన్ను తీసుకున్న కంపెనీలో ఉన్నది 737! వాళ్ళే ఇన్నేళ్ళు పనిచేస్తానని బాండ్ రాయించుకుని రేటింగ్ చేయించారు. ప్లాటు మాత్రం పోయింది, ఇప్పుడు అటువైపు వెళ్తే నాన్న కిటికీలోంచి చూడరు.

నన్ను నిలబెట్టింది ఆ మధ్యలో చేసిన పని. అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తీసుకుని ఒక ఫ్లయింగ్ స్కూల్‌లో సెస్నా అనే చిన్న విమానం మీద పిల్లలకు నేర్పాను. జీతం చెప్పుకునేంత లేదు, కానీ గంటలు 900 దాటాయి, అంతకంటే ముఖ్యంగా చెయ్యి తుప్పు పట్టలేదు. 208 గంటలతో ఇంట్లో కూర్చున్న ఏడాది లాగ్‌బుక్‌లో ఖాళీగా కనిపిస్తుంది, ఇంటర్వ్యూలో మొదటి వేలు అక్కడే పెడతారు.

ఇక సెలక్షన్. రాత పరీక్ష, సైకోమెట్రిక్ గురించి కోచింగ్ వాళ్ళు చెప్తారు, వదిలెయ్. అసలు జల్లెడ సిమ్యులేటర్ పరీక్ష. ఆటోపైలట్ లేదు, ఎటు తిప్పాలో తెరమీద చూపించే ఫ్లైట్ డైరెక్టర్ లేదు, ఉత్త సూదులు చూసుకుంటూ ఐఎల్ఎస్ (రన్‌వే నుంచి వచ్చే రేడియో సంకేతాలు) పట్టుకుని దింపమంటారు, టేకాఫ్‌లో ఒక ఇంజిన్ ఆపేస్తారు. మొదటిసారి ఒక కంపెనీలో నేను లోకలైజర్ సూది (రన్‌వేకి సూటిగా ఉన్నామో లేదో చూపించేది) వెంట పరుగెత్తుతూ, స్పీడ్ ఎక్కువై, స్థిరంగా లేని అప్రోచ్‌ని (దిగే ప్రయత్నాన్ని) అలాగే రన్‌వే దాకా లాక్కొచ్చి దింపాను. దింపాను కదా అని లోపల సంతోషం కూడా! పక్కన కూర్చున్న కెప్టెన్ ఒక్క మాటే అడిగారు, "ఎందుకు దింపావు?" రెండోసారి ఇంకో కంపెనీలో దాదాపు అదే తప్పు చేశాను, కానీ వెయ్యి అడుగుల దగ్గర గో ఎరౌండ్ అని, అంటే దిగడం మానేసి, పైకి వెళ్ళిపోయాను, తిరిగొచ్చి మామూలుగా దింపాను. ఉద్యోగం ఇచ్చింది వాళ్ళే.

ఇంటర్వ్యూలో "కార్గో ఎందుకు?" అని కచ్చితంగా అడుగుతారు. ప్యాసింజర్ వాళ్ళు పిలవలేదు కాబట్టి అనేది నిజమే కావచ్చు, అది వాళ్ళకీ తెలుసు, కానీ ఈ పని గురించి నీకేం తెలుసో చూస్తారు. నన్ను రెండు ప్రమాదాల గురించి అడిగారు. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి బయల్దేరిన యూపీఎస్ 747లో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుంది, కాక్‌పిట్ నిండా పొగ, ఇద్దరు పైలట్లూ చనిపోయారు. మెయిన్ డెక్ (ప్యాసింజర్ విమానంలో సీట్లుండే అంతస్తు) మీద సరుకు తగలబడితే చాలా ఫ్రైటర్లలో ఆర్పడానికి గ్యాస్ ఉండదు, మాస్కులు పెట్టుకుని, అక్కడికి గాలి ఆపి, విమానంలోని ప్రెషర్ వదిలేసి మంటకు ఊపిరి అందకుండా చెయ్యడమే మార్గం. ఇది ఎందుకో చెప్పగలగాలి. రెండోది 2013 ఏప్రిల్ 29, అఫ్గానిస్తాన్‌లోని బగ్రామ్. నేషనల్ ఎయిర్‌లైన్స్ 747లో కట్టిన సైనిక వాహనం ఊడి వెనక్కి జారి తోక భాగాన్ని దెబ్బతీసింది, టేకాఫ్ అయిన వెంటనే కూలింది, ఏడుగురూ పోయారు. మా కెప్టెన్ ప్యాలెట్ల (సరుకు పేర్చి కట్టే పలకల) తాళాలు ఒక్కొక్కటీ టార్చ్ వేసి చూస్తారు, మొదట్లో చాదస్తం అనుకునేవాణ్ణి. డేంజరస్ గూడ్స్ పాఠం, ప్రమాదకర సరుకు ఎక్కడుందో కెప్టెన్‌కి చెప్పే నోటాక్ కాగితం, విమానం బరువు లెక్క చూపే లోడ్ షీట్, ఇవి ముందే కాస్త చదువుకుని వెళ్ళు, చాలామంది చదవరు.

రాత్రుల సంగతి కూడా చెప్పాలి. ఒంటిగంటన్నరకి శంషాబాద్‌లో లేస్తే పౌనే నాలుగుకి ఢిల్లీ. 2 నుంచి 6 మధ్య ఒళ్ళు ఎంత మొండికేస్తుందో చేస్తేగానీ తెలియదు. పగలు పడుకుందామంటే శ్రావణమాసంలో మా అత్తాపూర్ ఫంక్షన్ హాల్ బ్యాండ్ వాళ్ళు పడుకోనివ్వరు, నల్ల కర్టెన్లు కొన్నా చప్పుడుకి కర్టెన్ లేదు కదా. పెళ్ళిచూపుల్లో ఇంకో బాధ, నల్గొండ నుంచి వచ్చిన అమ్మమ్మగారొకరు "మనుషులెక్కని ఇమానమా బిడ్డా?" అని జాలిగా చూశారు. ఎక్కేది మందుల డబ్బాలండీ, అవి వాంతులు చేసుకోవు, టీ అడగవు అన్నాను. ఆ సంబంధం కుదర్లేదు, అది వేరే కథ.

బాండ్ పెడితే భయపడకు, కానీ ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, కంపెనీయే విమానాలు ఆపేస్తే నీ గతేంటి, ఈ మూడూ తెలిసిన వకీలుకి చూపించి సంతకం పెట్టు. నేను పెట్టాకే చదివాను.

ఆ రేటింగ్ డబ్బులో ఒక భాగం ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ మీద పెట్టు, మిగతాది కదిలించకు. నీ ఐఆర్ గడువు ఎప్పటిదాకా ఉందో రాయలేదు, అది ఏడాదికే కదా, సీపీఎల్‌తో పాటే వచ్చి ఉంటే ఈపాటికి అయిపోవచ్చి ఉండాలి. ఈ రాత్రికే తేదీ చూసుకో.