కథను తెరకెక్కించేటప్పుడు: పేజీలో బాగున్నది ఫోన్‌లో తీస్తే ఎందుకు చప్పబడుతుంది?

ప్రశ్న: అనంతపురంలో నలుగురం కలిసి ఒక సీమ కథను 20 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం. ముందు మాంగా (జపాన్ బొమ్మల కథల) పేజీల్లాగా బొమ్మలు వేసుకున్నాం. బొమ్మల్లో భలే ఉంది, అవే ఫ్రేములు ఫోన్‌తో తీసి చూస్తే చప్పగా ఉంది. కథలో సగం రైతు మనసులో మాటలే. ఎలా సరిచేయాలి?

జవాబు: మీ బొమ్మల్లో లోపం ఉండకపోవచ్చు. పేజీ మీద కాలం చదివేవాడి చేతిలో ఉంటుంది. నచ్చిన గడి (ఒక్కో బొమ్మ ఉన్న చట్రం) దగ్గర ఆగుతాడు, నచ్చనిది దాటేస్తాడు. తెర మీద ఆ పగ్గం ఎడిటర్ చేతిలోకి వస్తుంది. మాంగాలో గాల్లోకి ఎగిరిన మనిషి మూడు మాటల బెలూన్ల నిండా మాట్లాడినా మనకు అడ్డం తగలదు. కెమెరా ముందు సెకనులోపే వాడి కాళ్లు నేలమీద ఉంటాయి. ఆ మాటలు ఎగరకముందు చెప్పించాలి, లేదా దిగాక, లేదా వింటున్నవాడి ముఖం మీద వేయాలి. అన్నీ కుదరకపోతే కోసేయండి. ప్రతి గడి కింద దాని నిడివి సెకన్లలో రాసుకోండి, డైలాగులు పైకి చదువుతూ స్టాప్‌వాచ్ పెట్టి. ‘స్క్రిప్టు ఒక పేజీ అంటే తెరమీద ఒక నిమిషం’ అనే లెక్క ఇంగ్లీషు స్క్రీన్‌ప్లే పద్ధతిది. తెలుగు లిపిలో రాసిన పేజీకి అది సరిగ్గా అతకదు.

గడుల ఆకారం ఇంకో చిక్కు. పేజీ నిలువుది, తెర 16:9 అడ్డంది. కొండ మీద నుంచి లోయ దాకా సాగే నిలువు గడిని అడ్డ ఫ్రేములో ఇరికిస్తే లోయ ఉంటుంది, లోతు పోతుంది. అక్కడ కెమెరాను పైనుంచి కిందికి నెమ్మదిగా వంచండి (టిల్ట్), లేదా రెండు షాట్లుగా విడగొట్టండి. పేజీ తిప్పగానే ఎదురయ్యే పెద్ద బొమ్మకు తెరమీద కట్ పని చేస్తుంది, కానీ దాని ముందు షాట్ మామూలుకన్నా ఒకటి రెండు సెకన్లు ఎక్కువ నిలవాలి. మాంగా కుడి నుంచి ఎడమకు చదువుతారు కాబట్టి మనుషులు నడిచే దిక్కును అక్కడినుంచి గుడ్డిగా దించుకోకండి. ఒక షాట్‌లో కుడికి పోయినవాడు తర్వాతి షాట్‌లో ఎడమకు పోతే వెనక్కి తిరిగొస్తున్నాడనుకుంటారు.

కథ కొలత మాటకొస్తే, వారపత్రికలో వచ్చే మాంగా ఒక్కో భాగం దాదాపు 20 పేజీలు. మన వారపత్రికల సీరియళ్లలాగే ప్రతి భాగం చివర ఒక ముడి వేసి ఆపుతారు. ఆ మాంగాను సిరీస్‌గా తీస్తే 24 నిమిషాల టీవీ ఎపిసోడ్ అలాంటివి రెండు మూడు మింగేస్తుంది, కాబట్టి కొన్నాళ్లకు మాంగాను దాటిపోతుంది. అప్పుడు సాగదీయాలి, లేదా సొంత ముగింపు కట్టుకోవాలి. ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్’ 2003 సిరీస్ రెండో దారి పట్టింది, 2009లో మాంగా ప్రకారం మళ్లీ తీశారు. ‘అకీరా’ మాంగాను రాసిన ఒటోమోనే 1988లో సినిమాగా తీశాడు. అప్పటికి మాంగా పూర్తి కాలేదు, అయినా 124 నిమిషాల్లో చాలా భాగం వదిలేయాల్సి వచ్చింది. ‘డీమన్ స్లేయర్’ రైలు కథ 2020లో సినిమాగా కుదిరింది, ఎందుకంటే అది రెండు సంపుటాల్లో ఇమిడే ఒక్క ప్రయాణం, దాని మొదలూ తుదీ దానికే ఉన్నాయి. మీ 20 నిమిషాలకు అచ్చులో పది పేజీల కథ, నాలుగైదు లొకేషన్లు చాలు. నవల జోలికి పోవద్దు.

ఇక మనసులో మాటలు. అసలు పని ఇక్కడే. కాగితం మీద మూడు గళ్లు గీయండి: కనిపించేవి, వినిపించేవి, మనసులోవి. కథలోని ప్రతి వాక్యాన్నీ ఏదో ఒక గడిలో వేయండి. మూడో గడిలో పడిన ఒక్కోదానికి మూడే దారులు: చేతల్లోకి మార్చడం, ఇంకొకరితో అనిపించడం, వదిలేయడం. వాయిస్ ఓవర్ (బొమ్మ మీద వినిపించే మనసులో గొంతు) ఆఖరి మందు; కథ మొత్తంలో మూడు చోట్లకన్నా ఎక్కువ వస్తే ఆ కథ తెరకు రాలేదని నా లెక్క. ‘ఈ ఏడు విత్తకూడదని నిశ్చయించుకున్నాడు’ అని కథలో ఉందనుకోండి. విత్తనానికని పక్కన పెట్టిన శెనక్కాయలను రైతు భార్య పెనం మీద వేయించి పిల్లోనికి పెడుతుంది, రైతు చూసి ఏమీ అనడు. నిశ్చయం తెలిసిపోయింది. ఒక్క జాగ్రత్త: ఆ విత్తనానికి మందు పట్టించలేదని ముందు షాట్‌లోనే తెలియాలి, లేకుంటే అనంతపురం ప్రేక్షకుడు ‘ఇంటిల్లిపాదికీ విషం పెడతాండారే’ అంటాడు.

నేల విషయంలోనూ అంతే. కథ అనంతపురం ఎర్రనేలది అయితే నంద్యాల వైపు నల్లరేగడి చేలో తీసిన షాట్ కలపకండి, కలర్ గ్రేడింగ్‌తో (ఎడిటింగ్‌లో రంగులు సరిచేసినా) దాగదు. యాసను అక్షరాల్లో వంకర్లు తిప్పి రాస్తే బయటి నటుడు దాన్ని వెక్కిరింతలా పలుకుతాడు. ‘యాడికి పోతాండావప్పా’ లాంటి మాటలను ఊరి మనిషితో చదివించి ఫోన్‌లో రికార్డు చేసి నటుడికివ్వండి. రామగిరి వైపు గాలి ఎక్కువ. మైకుకు బొచ్చు తొడుగు లేకుండా తీస్తే డబ్బింగే గతి. గండికోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అక్కడ షూటింగ్‌కు అనుమతి ముందే రాసి తీసుకోవాలి.

రచయిత దగ్గర కథ హక్కులు తీసుకోవడం చివర్లో చెప్తున్నాను గానీ మీరు మొదట చేయాల్సింది ఇదే. నోటిమాట చెల్లదు. పత్రంలో కథ పేరు, ఏ హక్కు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము అన్నీ ఉండాలి. కాలం రాయకపోతే 1957 కాపీరైట్ చట్టం 5 ఏళ్లనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. యూట్యూబ్‌లో పెట్టేవాళ్లు ‘ప్రపంచమంతటా’ అని రాయించుకోవాలి. వేరే గడువు రాసుకోకుంటే, ఏడాదిలోపు వాడని హక్కు పోతుంది. హక్కు కొన్నాక కథను గుర్తుపట్టలేనట్టు మార్చడానికీ వీల్లేదు. హిందీ రచయిత్రి మన్నూ భండారీ నవలను సినిమాగా తీసిన విషయంలో 1986లో ఢిల్లీ హైకోర్టు ఈ మాటే చెప్పింది. రచయిత పోయుంటే, పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల దాకా వారసుల సంతకం కావాలి. కథ ఇంకో భాష నుంచి తెలుగులోకి వచ్చినదైతే, ఆ తెలుగు అనువాదాన్ని వాడుకునేవాళ్లు అనువాదకుడి అనుమతి విడిగా తీసుకోవాలి.