ఫ్రెంచ్ నేర్చుకుంటున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి అత్తయ్య ఆశీస్సులు.

చదువుకి ఫ్రాన్స్‌లోని లియోన్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక్కడివే ఉంటావు. జ్వరం వస్తే డాక్టరుతో నువ్వే మాట్లాడుకోవాలి.

అందుకే ఫ్రెంచ్‌లో ఒక క్రియ తర్వాత ఇంకో క్రియ వస్తే మధ్యలో ఏం పెట్టాలో చెబుతున్నా. 'వూల్వార్' (కోరుకోవడం), 'పువ్వార్' (చేయగలగడం), 'దవ్వార్' (చేయాల్సి ఉండటం) తర్వాత రెండో క్రియ నేరుగా వస్తుంది. 'కొమాఁసే' (మొదలుపెట్టడం), 'అప్రాఁద్ర' (నేర్చుకోవడం), 'రెయుసీర్' (సాధించడం) లకి మధ్యలో 'ఆ' కావాలి. 'ఎసేయే' (ప్రయత్నించడం), 'దెసిదే' (నిర్ణయించుకోవడం), 'ఊబ్లియే' (మర్చిపోవడం) లకి 'ద' కావాలి. ఎందుకని వెతక్కు, జతగానే బట్టీ పట్టు. మనం 'నేర్చుకోవడానికి ప్రయత్నిస్తున్నా' అంటాం కదా, ఆ 'డానికి' చూసి 'పూర్' (కోసం) పెట్టేయాలనిపిస్తుంది. పెట్టకు. 'జెసే దాప్రాఁద్ర' అనాలి.

నా భయమంతా 'వెనీర్' (రావడం) దగ్గర. మేం పారిస్‌లో ఉన్నప్పుడు మీ మావయ్య బీపీ ఎక్కువై ఆసుపత్రిలో చేరారు. ఒక సాయంత్రం నర్సు దగ్గరికి వెళ్లి, మాత్ర ఇప్పుడే వేసుకున్నానని చెప్పబోయి 'జ వ్యాఁ ప్రాఁద్ర మోఁ కోఁప్రిమే' అన్నారు. 'వెనీర్ ద' అంటేనే ఇప్పుడే చేశానని. 'ద' లేకపోతే చేయడానికి వచ్చానని. ఆవిడ నవ్వుతూ ఇంకో మాత్ర, గ్లాసుతో నీళ్లు చేతికిచ్చింది. ఆయనేమో ఇది వేరే మందనుకుని నోటిదాకా తీసుకెళ్లారు. నేను గుమ్మంలోంచే 'ఇల్ వ్యాఁ ద ల ప్రాఁద్ర!' (ఆయన ఇప్పుడే దాన్ని వేసుకున్నారు) అని అరిచాను. (అక్కడ 'ద', 'ల' కలిసి 'ద్యు' కావు. ఆ 'ల' అంటే 'దాన్ని' అని. చాలామంది కలిపేస్తారు.) ఆయనకి వ్యాకరణం రాక కాదు. ఒంట్లో బాగాలేనప్పుడు ముందు జారిపోయేవి ఈ చిన్న ముక్కలే.

అందుకే లిస్టు గోడకి అంటించి ఊరుకోకు, వాక్యాలు పైకి అను. అర్థం మారిపోయే జంటల్ని ముందు పట్టు: 'ఫినీర్ ద' అంటే పని ముగించడం, 'ఫినీర్ పార్' అంటే చివరికి ఎలాగో చేయడం. మందు వేసుకోమన్నారో ఆపమన్నారో అనుమానమొస్తే కాగితం మీద రాసిమ్మని అడుగు. నీకు మొహమాటం ఎక్కువ. చిన్నప్పుడు ఆకలేసినా చెప్పేవాడివి కాదు, మీ అమ్మే ముఖం చూసి కనిపెట్టేది. అక్కడ ముఖం చూసేవాళ్లు ఉండరు నాన్నా, నోరు తెరవాలి.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు, అప్పుడే ఏం చేసి వచ్చావో 'జ వ్యాఁ ద' తో మొదలుపెట్టి చెప్పు. 'ద' మింగేస్తే మళ్లీ చెప్పిస్తాను, విసుక్కోకు.

మీ అత్తయ్య