ట్రయల్‌లో చేరిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

గుండె జబ్బుల మందు పనిచేస్తుందో లేదో మనుషుల మీద పరీక్షించే ట్రయల్‌లో పనికి కుదిరావని ఫోన్‌లో చెప్పినప్పుడు సంతోషం తప్ప ఇంకేమీ మాట్లాడలేకపోయాను. ఈ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి కదా, చెప్పాల్సినవి తర్వాత ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

రిపోర్టులో అంకె బాగుపడిందని మురిసిపోకు. కాస్ట్ (CAST) అనే ట్రయల్ గురించి చదివే ఉంటావు. గుండెపోటు నుంచి బయటపడ్డవాళ్లలో కొందరికి గుండె మధ్యమధ్యలో అదనంగా కొట్టుకుంటుంది. అలాంటివాళ్లు హఠాత్తుగా పోయే ప్రమాదం ఎక్కువని అప్పటికే తెలుసు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు వేస్తే ఆ అదనపు కొట్టుకోవడం తగ్గేది, ఈసీజీ ముచ్చటగా వచ్చేది. ఇంకేం, ప్రాణాలూ నిలుస్తాయనుకున్నారు. తీరా లెక్క చూస్తే, మందు వేసుకున్న 755 మందిలో 63 మంది పోయారు. పోల్చి చూడ్డానికి మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో పోయింది 26 మంది. 1989లోనే ట్రయల్‌లో ఆ రెండు మందుల్నీ ఆపేశారు. ఉత్తి మాత్రతో పోల్చకపోయి ఉంటే, ఆ చావుల్ని జబ్బు ఖాతాలోనే వేసేవాళ్లం.

టోర్సెట్రాపిబ్ అనే మందు కథా అంతే. మంచి కొలెస్ట్రాల్‌ని బాగా పెంచింది, చావుల్నీ పెంచింది. 2006లో ట్రయల్ ఆపారు.

మంచి ఫలితం వచ్చినప్పుడు కూడా దాన్ని చెప్పే తీరు చూసుకో. గుండె జబ్బు ఉన్న 4,444 మందితో చేసిన సిమ్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) ట్రయల్ ఫలితం 1994లో వచ్చింది. చావులు 30 శాతం తగ్గాయన్నారు. నిజమే. అయితే పేషెంటు దగ్గర కూర్చున్నప్పుడు ఇలా చెప్పు: ఐదేళ్ల పైచిలుకులో ఉత్తి మాత్ర వాళ్లలో నూటికి పదకొండున్నర మంది పోతే, మందు వాళ్లలో ఎనిమిది మంది పోయారు. అప్పుడు ఆయన తన సంగతి తాను ఆలోచించుకోగలడు. ట్రయల్‌లో చేరడానికి ఒప్పుకునే కన్సెంట్ ఫారం మీద సంతకం అడిగేటప్పుడూ అంతే. ఏ మాత్ర ఇస్తున్నామో తనకూ తెలియదు, నీకూ తెలియదని సూటిగా చెప్పు. "మంచి మందు ఇప్పిస్తాను" అనే మాట నీ నోట రాకూడదు. అదే తెలిస్తే ట్రయల్ ఎందుకు?

ఫలితాలొచ్చాక ఆడవాళ్లకి వేరుగా, షుగర్ ఉన్నవాళ్లకి వేరుగా ముక్కలు చేసి చూడమని ఎవరో ఒకరు అడుగుతారు. 1988లో, గుండెపోటుకి ఆస్పిరిన్‌ని పరీక్షించిన ఐసిస్-2 అనే ట్రయల్ వాళ్లని ఇలాగే అడిగితే, రాశుల వారీగా కూడా విడదీసి చూపించారు! మిథునం, తుల వాళ్లకి ఆస్పిరిన్ పనిచేయలేదని తేలింది. 17,187 మంది ఉన్న ట్రయల్‌లోనే కాకతాళీయంగా అంత తమాషా జరిగితే, చిన్న ట్రయల్ సంగతి చెప్పాలా?

ఇక నా తప్పు ఒకటి చెప్తాను. మొదట్లో ఒక ట్రయల్‌లో ఒక పెద్దాయన వరుసగా రెండు ఫాలో-అప్‌లకి రాలేదు. "రాలేదు" అని రాసి ఊరుకున్నాను. పని ఒత్తిడి అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కొన్ని నెలలకి ఆయన కొడుకు మిగిలిన మాత్రల సీసా పట్టుకొచ్చి, "ఇవి తిరిగి ఇచ్చేయమని నాన్న చెప్పారు" అన్నాడు. రాలేదని నేను రాసేనాటికే ఆయన పోయారు. రానివాళ్లందరినీ అలా వదిలేస్తే, చావులన్నీ "రాలేదు" గడిలో దాక్కుంటాయి. మందు మాత్రం మంచిదిగా కనిపిస్తుంది.

అందుకని చేర్చుకున్న రోజే ఇంట్లోవాళ్ల నంబరు ఇంకొకటి అడిగి రాసుకో. రావాల్సినవాళ్లు రాకపోతే ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే మర్నాడు మళ్లీ చెయ్యి.

ఇట్లు,
మీ బాబాయి